నలభై ఏడో రాయి

ఆ ఇంట్లో పడగ్గదికి వెళ్ళాలంటే మామగారి గది దాటే వెళ్ళాలి. కట్టినవాడు ఏ ధ్యాసలో కట్టాడో గాని, రైలుపెట్టెల్లా గది వెనక గది. మొదటి గదిలో మామగారు, ఆయన బల్ల, నేల మీదనుంచి కిటికీదాకా లేచిన ఆయన కాగితాలు. వాటి మధ్య మనిషి పక్కకి తిరిగితే తప్ప పట్టని సందు. అల్లుడు ఆఫీసునుంచి వచ్చి చెప్పులు విప్పి, ఆ సందులో పీతలా అడ్డంగా నడిచి, మామగారి కళ్ళద్దాల ముందునుంచి సాగితే గాని తన మంచం చేరలేడు. ఆరేళ్ళుగా అదే నడక. ఈ మూడు వారాలుగా మాత్రం ఆ పది అడుగులూ అతనికి పది ఆమడలయ్యాయి.

ఆఫీసులో అతన్ని తూనికరాయి అంటారు. కంప్యూటర్లో ఆడే పాతకాలపు యుద్ధాల ఆట ఒకటి వాళ్ళు తయారు చేస్తారు. కోటలు, గుర్రాలు, నిచ్చెనలు, తలుపులు బాదే దుంగలు, రాళ్ళు విసిరే యంత్రాలు. ఏ ఆయుధానికి ఎంత బలం, ఏ గోడ ఎన్ని దెబ్బలకి కూలాలి అన్న అంకెలన్నీ అతని చేతిలోవే. తూకం ఒకవైపు మొగ్గిందంటే రెండోవైపు ఆడేవాడు ఆట మూసేసి పోతాడు. అందుకని రోజంతా ఇక్కడ చిటికెడు వేసి అక్కడ చిటికెడు తీస్తుంటాడు, కూరలో ఉప్పు చూసే మనిషిలా.

మామగారు ముప్ఫై నాలుగేళ్ళు చరిత్ర పాఠం చెప్పి దిగిన మాస్టారు. పిల్లవాడు ఒక సంవత్సరం తప్పు రాస్తే మార్కు తియ్యడంతో ఊరుకోక, వారంపాటు వాడి మొహం చూడ్డం మానేసే రకం. అల్లుడి ఉద్యోగాన్ని ఆయన ఎన్నడూ ఉద్యోగమనలేదు. “మీ బొమ్మలాట అయిందా?” అనేవారు. ఆ ‘మీరు’ మర్యాదకి కాదు, కంచెకి. ఆరేళ్ళలో ఆ కంచె మీద ఒక్క తీగె అయినా వదులు కాలేదు.

దాన్ని కూల్చింది ఒక అంకె.

ఏతం చూసినవాళ్ళకి ఆ రాళ్ళయంత్రం సంగతి వేరే చెప్పక్కర్లేదు. పొడుగాటి దూలం, ఒక కొసన బండబరువు, రెండో కొసన వడిసెల. బరువు కిందికి దిగితే వడిసెల పైకి లేచి, ఎద్దంత రాయి గాల్లోకి పోతుంది. ఏతానికి ఒళ్ళుమండితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. దాని అసలు పేరు ట్రెబుషెట్. ఆఫీసులో అందరూ రాతియేతమనే అంటారు.

ఆటని మొదటిసారి జనంలోకి వదిలినప్పుడు ఆ రాతియేతమే కొంప ముంచింది. అందరూ అవే కట్టారు. నాలుగు నిమిషాల్లో కోట నేలమట్టం. గుర్రాలు పెంచుకున్నవాళ్ళు ఏడ్చారు, గోడలు కట్టుకున్నవాళ్ళు తిట్టారు. రాయి బలం తగ్గిస్తే, “అంత రాయి తగిలితే గోడ దుమ్ము దులుపుకుని నిలబడుతుందా, సిగ్గులేదా?” అన్నారు. గోడ బలం పెంచితే, “ఇది గోడా కొండా?” అన్నారు. నిజానికి ఆ యంత్రం బిగించడానికే రోజులకు రోజులు పట్టేది. ఉన్నదున్నట్టు పెడితే, ఆడదామని కూర్చున్నవాడు వడ్రంగులు మేకులు కొట్టడం చూస్తూ ముసలివాడైపోతాడు.

అప్పుడు తూనికరాయికి తట్టింది, దూలం విరగ్గొడదామని. ఇన్ని రాళ్ళు విసిరాక దూలం చిట్లుతుంది. కొత్తది ఎక్కించేదాకా యంత్రం నోరు మూసుకుంటుంది. ఆ సందులో లోపలివాళ్ళు తలుపు తీసుకుని మీద పడొచ్చు. ఎన్ని రాళ్ళకి? ముప్ఫై పెట్టి ఆడించాడు, తక్కువైంది. అరవై, ఎక్కువైంది. నలభై అయిదు దగ్గర తూకం కుదిరింది. కానీ నలభై అయిదంటే ఎవరో కూర్చుని పెట్టినట్టుంటుంది. నలభై ఏడంటే ఎవరో నిలబడి లెక్కపెట్టినట్టుంటుంది. నలభై ఏడు వేశాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆటలో ప్రతి ఆయుధానికీ ఒక పరిచయం పేజీ ఉంటుంది. ‘ప్రతి అంకె వెనకా చరిత్ర ఉంది’ అని ఆట అట్ట మీద పెద్దక్షరాల్లో వేయించాడు యజమాని. ఆ సాయంత్రానికి పేజీ అప్పగించాలి. తూనికరాయి ఇలా రాసి ఇంటికి పోయాడు: “నాటి ముట్టడి లెక్కల ప్రకారం ఒక దూలం సుమారు నలభై ఏడు రాళ్ళకు చిట్లేది.” అబద్ధానికి ‘సుమారు’ అని ఒక చొక్కా తొడిగితే ఎంత పెద్దమనిషిలా కనబడుతుందో!

ఆ అంకె జనానికి పిచ్చిగా పట్టింది. ముట్టడిలో ఉన్నవాడు పడే రాళ్ళు లెక్కపెట్టుకోవడం, నలభై ఆరుకి ఊపిరి బిగబట్టడం, నలభై ఏడుకి అరిచి తలుపు తియ్యడం. రెండేళ్ళు తిరిగేసరికి ఆ ఆటకి ఆయువుపట్టు అదే అయింది.

ఇటు ఇంట్లో మామగారు పన్నెండేళ్ళుగా ఒకే పుస్తకం రాస్తున్నారు. ఒక కొండకోట ముట్టడి కథ. ఆయనకున్న గట్టి సాక్షి ఒక్కడే, ఆ కోటలో ధాన్యపు కొట్టు చూసిన గుమస్తా. ఆ మహానుభావుడికి యుద్ధం పట్టదు. ఏ రోజు ఎన్ని రాళ్ళు పడ్డాయి, ఎన్ని బస్తాలు చెడ్డాయి, అంతే రాసిపెట్టాడు. అందులో ఒకచోట మూడు రోజులు రాయి పడలేదు. ఆ మూడు రోజుల్లోనే లోపలి జనం వెనకదారిన తప్పించుకున్నారు. గెలవబోతున్నవాళ్ళు ఎందుకు ఆగారు? జబ్బన్నారు, వాన అన్నారు, లంచమన్నారు. మామగారు ఏదీ నమ్మలేదు. పన్నెండేళ్ళూ ఆ మూడు రోజుల దగ్గరే కూలబడి ఉన్నారు.

ఒకనాడు అల్లుడు బల్ల మీద తెరిచి వదిలేసిన కంప్యూటర్లో ఆ పేజీ ఆయన కంట పడింది. భోజనాల దగ్గర అడిగారు.

“దూలం నలభై ఏడు రాళ్ళకి చిట్లుతుందని వేశారు. ఎక్కడిదీ లెక్క?”

అల్లుడి నోట్లో ముద్ద ఉంది. “పాత కాగితాల్లో ఉంది మామయ్యా,” అని మంచినీళ్ళు తాగాడు. నీళ్ళతోపాటు ఆ మాటా దిగిపోతుందనుకున్నాడు.

దిగలేదు. మర్నాడు సందులో అడ్డంగా నడుస్తుంటే మామగారు కుర్చీ ఒకటి లాగారు. “అల్లుడూ, ఇలా రా. కూర్చో. నీకొకటి చూపిస్తాను.”

నువ్వు! ఆరేళ్ళకి. కూర్చున్నాడు. ఆ కూర్చోవడమే తప్పయింది. తర్వాత లేవలేకపోయాడు. రోజూ ఆఫీసునుంచి రాగానే కుర్చీ సిద్ధంగా ఉండేది. “నీ అంకె లేకపోతే నేనీ గడప దాటేవాణ్ణే కాదురా,” అనేవారాయన. అతను కక్కలేక మింగలేక తల ఊపేవాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే పుస్తకం ప్రెస్సుకెక్కి కూర్చుంది.

దిద్దడానికి ప్రూఫులు వచ్చిన రోజు మామగారు ఏడో అధ్యాయం తీసి చూపించారు.

“చూడు. ఆ మూడు రోజులకి ముందు పడ్డ రాళ్ళు మొత్తం తొంభై ఆరు. రెండు యంత్రాలు, రెండు దూలాలు. నలభై ఏడు రెళ్ళు ఎంత?”

“తొంభై నాలుగు.”

“అదీ!”

“రెండు ఎక్కువున్నాయి కదా మామయ్యా?”

“అవి చేత్తో విసిరిన చిన్న రాళ్ళయ్యుంటాయి. గుమస్తా కదా, చేతికందిందల్లా లెక్కేసుంటాడు.”

తూనికరాయి పోల్చుకున్నాడు. ఇక్కడ చిటికెడు తియ్యడం, అక్కడ చిటికెడు వెయ్యడం. ఇది తన పని. సంవత్సరం తప్పితే మొహం చూడని మనిషి, తన అంకె కోసం గుమస్తా చేతిలో రెండు రాళ్ళు కాజేస్తున్నారు.

మర్నాడు యజమాని గదికి వెళ్ళాడు. ఆయన్ని ఆఫీసంతా సేనాపతి అంటుంది. నాలుగు వైపులా అద్దాల గది. అందరికీ కనిపిస్తూ ఎవరికీ వినిపించకుండా మనిషిని తోమడానికి కట్టించుకున్నాడు.

“ఆ పేజీలో ఒక్క వాక్యం తీసేద్దాం సార్. దూలం విరగడం ఆటలో ఉండనీండి. ‘నాటి లెక్కల ప్రకారం’ అన్నది తీసేద్దాం.”

“ఎందుకూ?”

“నాటి లెక్కలేం లేవు. నేనే పెట్టాను.”

సేనాపతి కుర్చీలో కొంచెం వెనక్కి వాలాడు. “ఎవరెవరికి తెలుసు?”

“మీకూ నాకూ.”

“అయితే ఎవరికీ తెలీదన్నమాట. వచ్చే నెల పోటీలు. లక్షమంది ఆ అంకె అరుస్తారు. ఇప్పుడెళ్ళి, అది మావాడు ఇంటికెళ్ళే తొందర్లో అనుకున్నాడని చెప్పమంటావా?”

“మా మామగారు దాన్ని పట్టుకుని పుస్తకం రాశారు సార్.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. సేనాపతి మొహం దీపం పెట్టినట్టు వెలిగింది.

“చరిత్ర మాస్టారన్నావు, ఆయనేనా? ఇంకేం మరి! పుస్తకం రానీ. పేజీ కింద ఆయన పుస్తకం పేరు వేద్దాం. ఆధారం లేదని ఏడుస్తున్నావుగా, ఆధారం మీ ఇంట్లోనే అచ్చవుతోంది.”

“ఆయన మన దగ్గర్నించే తీసుకున్నారు సార్!”

“మనం ఆయన దగ్గర్నించి తీసుకుంటాం. ఇచ్చిపుచ్చుకోడాలు.” నవ్వాడు. తర్వాత నవ్వు మానేసి అన్నాడు: “ఒక మాట చెప్తా విను. ఇది బయటికి పొక్కిందా, ఆ రోజు నీ కుర్చీ నేను కాపాడలేను. కాపాడను కూడా.”

గానుగ చుట్టూ తిరిగే ఎద్దుకైనా పొద్దుగూకేసరికి కాస్త నూనె కనిపిస్తుంది. ఈ తిరుగుడులో అదీ లేదు. తన అబద్ధానికి మామగారు సాక్ష్యం, మామగారి సాక్ష్యానికి తన అబద్ధం.

ఇంటికొచ్చాక భార్య దగ్గరైనా దించుకుందామనుకున్నాడు. ఆ పుస్తకం మొత్తం టైపు చేసింది ఆవిడే. నోరు తెరిచేలోపే ఆవిడ అంది, “మా నాన్న మిమ్మల్ని నువ్వు అంటుంటే ఎంత బాగుందోనండీ! ఇవాళ పక్కింటాయనతో ‘మా అల్లుడి పరిశోధన’ అని చెప్తున్నారు తెలుసా?”

తెరిచిన నోటితో ఆవులించి పడుకున్నాడు.

ఆదివారం వచ్చింది. ఒంటిగంటకల్లా ప్రూఫులు ప్రెస్సుకి చేరాలి, సాయంత్రం అచ్చు మొదలు. మామగారు ఉతికిన చొక్కా వేసుకుని, ఆఖరిసారి పైకి చదువుకుంటున్నారు. అల్లుడు స్నానం చేసి ఆ సందులోంచి వస్తున్నాడు.

“ఆగాగు. ఈ వాక్యం విను. ‘నలభై ఏడు అనే ఈ అంకె, ఇన్నాళ్ళూ మూసుకుపోయిన తలుపుకు దొరికిన తాళంచెవి.’ ఎలా ఉంది?”

కుడివైపు కాగితాలు, ఎడమవైపు కాగితాలు, ఎదురుగా మామగారు. వెనక్కి నడవాలన్నా పీతలాగే నడవాలి.

“మామయ్యా, ఆ అంకె నాది.”

“తెలుసుగా. ముందుమాటలో నీ పేరు వేశాను చూడు.”

“అది కాదు. నేను పుట్టించాను. పాత కాగితాల్లో ఎక్కడా లేదు. ఆటలో గోడలు త్వరగా పడిపోతున్నాయని వేశాను.”

మామగారు కళ్ళద్దాలు తీశారు. తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు.

“మరి తొంభై ఆరు ఎలా వచ్చింది? రెండు యంత్రాలు, నలభై ఏడు రెళ్ళు...”

“రెండు యంత్రాలని గుమస్తా రాశాడా?”

“ఒకటని రాయలేదుగా!”

అన్నాక ఆ మాట ఆయన చెవినే పడింది. ముప్ఫై నాలుగేళ్ళలో ఎంతమంది పిల్లలు ఆయనతో సరిగ్గా ఆ మాటే అని గోడకుర్చీ వేశారో!

“మీరు లోపలికి వెళ్ళండి,” అన్నారు.

మీరు.

వెళ్ళాడు. తలుపు దగ్గరికి వేసుకుని మంచం మీద కూర్చున్నాక తెలిసింది, ఇక బయటికి రావడానికి దారి లేదని. ఉన్న ఒక్క దారి ఆయన ముందునుంచే. లోపల అతను, బయట ఆయన. కాగితాల చప్పుడు వినిపిస్తోంది. ఒక కాగితం తిప్పిన చప్పుడు, చాలాసేపు ఏమీ లేదు, మళ్ళీ ఒకటి. దాహమేసింది. నీళ్ళకుండ వంటింట్లో, వంటింటికీ ఆ దారే. ఆటలో లోపల చిక్కుకున్నవాడికి ఆకలిదప్పులు ఎన్ని నిమిషాలకి మొదలవ్వాలో కూడా తనే పెట్టాడు. చాలా ఎక్కువ పెట్టాననిపించింది.

భార్య చెంబుతో వచ్చింది. చెంబు అందివ్వలేదు, ఠక్కున బల్ల మీద పెట్టింది.

“ఏం చేశారు మా నాన్నని?”

చెప్పాడు.

“నూట యాభై పేజీలు కొట్టాను నేను. ప్రతి నలభై ఏడూ ఈ వేళ్ళతోనే కొట్టాను. భోజనాల దగ్గర ‘తెలీదు మామయ్యా’ అంటే ఏం పోయేది? నోట్లో ముద్ద కింద పడేదా?”

“మర్నాడైనా చెప్పేవాణ్ణి. ఆయన కుర్చీ వేశారే.”

ఆవిడ చెంబు చేతికిచ్చింది.

పన్నెండున్నరకి తలుపు తెరుచుకుంది. మామగారు ప్రూఫుల కట్ట చంకలో పెట్టుకుని నిలబడ్డారు.

“చొక్కా వేసుకోండి. ప్రెస్సుకి వెళ్ళాలి.”

ప్రెస్సు ఒక సన్నటి సందులో, రెండు గదులు. ముందు గదిలో కంప్యూటరు, వెనక గదిలో యంత్రం, ఊరంత సిరా వాసన. ప్రెస్సాయన స్టూళ్ళు వేశాడు. మామగారు ఏడో అధ్యాయం విప్పారు. మూడు పేజీలు అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. తాళంచెవి వాక్యం మీద గీత కాగితం చిరిగేంత గట్టిగా పడింది. చివర కొత్తగా చేతిరాతలో ఒకటే వాక్యం. ‘వారు ఎందుకు ఆగారో నాకు తెలియదు.’

పన్నెండేళ్ళు ఆ ఒక్క వాక్యానికి దిగాయి. అల్లుడు తల ఎత్తలేకపోయాడు.

“తీసేశారుగా మామయ్యా. ఇక...”

“తీసేస్తే సరిపోదు. లక్షమంది ఆడే ఆటలో ఉందది. రేపు నాలాంటి ఇంకో వెర్రివాడు దాన్ని పట్టుకుని తలుపు తీస్తాననుకుంటాడు. చరిత్ర రాసేవాడు అబద్ధం కనబడితే పక్కనుంచి తప్పుకుని పోకూడదు. ఇది అబద్ధమని రాసి పోవాలి. పేజీ కింద నాలుగు లైన్లు ఖాళీ ఉంచాను. అది నేను రాస్తే పుకారవుతుంది. మీరు రాస్తే సాక్ష్యమవుతుంది.”

“ఉద్యోగం పోతుంది మామయ్యా.”

“పోవచ్చు.” ఆయన గొంతులో కోపం లేదు. అదే కష్టంగా ఉంది. “మీరు రాయకపోతే నేనేమీ అనను. ఆ నాలుగు లైన్లూ ఖాళీగా అచ్చవుతాయి. అంతే.”

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. ఇక్కడ రెంటికీ మధ్య మూడడుగుల స్టూలు. తూనికరాయి కలం తీసుకున్నాడు. ‘దూలం నలభై ఏడు రాళ్ళకు చిట్లేదన్న లెక్కకు ఆధారం లేదు. అది ఒక ఆట కోసం కల్పించినది’ అని రాశాడు.

మామగారు వంగి చూశారు. “ఎవరు కల్పించారు?”

‘ఆ సంస్థలో ఒక ఉద్యోగి’ అని చేర్చాడు.

“ఆ ఉద్యోగికి అమ్మానాన్నా పేరు పెట్టలేదా?”

పేరు రాశాడు. తన పేరు తనకే ఎవరిదో పరాయివాడిదిలా కనిపించింది.

“నలభై ఏడే ఎందుకు? అదెలా వచ్చింది?”

“నలభై అయిదు దగ్గర తూకం కుదిరింది. అది పెట్టినట్టుంటుందని... నలభై ఏడైతే ఎవరో లెక్కపెట్టినట్టుంటుందని.”

మామగారి పెదవి ఒక పక్కకి వంకర పోయింది. నవ్వో ఏడుపో తెలియలేదు. “అది కూడా రాయండి. ఈ మొత్తం వ్యవహారంలో కళ్ళారా చూసినవాడు చెప్పిన ముక్క అదొక్కటే.”

రాశాడు. నాలుగు లైన్లకి అయిదయ్యాయి. ప్రెస్సాయన కాగితం అందుకోవడానికి వంగి, చదివి, నిలువునా ఆగిపోయాడు.

“ఇది ఆ ఆటేనాండీ? మా యంత్రం దగ్గర కుర్రాడు రోజూ ఆడతాడు. నలభై ఏడూ అని వాడు అరిస్తే పై అంతస్తువాళ్ళు కర్రతో నేల కొడతారు. ఇది అచ్చేసేది కూడా వాడే. చదివితే పొద్దుగూకేలోపు ఊరంతా చెప్తాడు.” తల గోక్కున్నాడు. “వెయ్యమంటారా?”

అడగడం మామగారినే అడిగాడు. మామగారు కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుని, సందులోకి తెరిచి ఉన్న తలుపువైపు చూస్తూ కూర్చున్నారు.

వెనక గదిలో యంత్రం వేడెక్కుతున్న చప్పుడు.

“వెయ్యండి,” అన్నాడు తూనికరాయి.

అన్నాడు గాని చెయ్యి కాగితం మీదనుంచి లేవలేదు. ప్రెస్సాయన ఒక కొస పట్టుకుని, మంచి మనిషి కనక తొందరపడకుండా, ఆ వేళ్ళ కిందనుంచి మెల్లగా లాక్కున్నాడు.